తల్లిగారి తరఫు

మా కొత్త ఇంటికి కరెంటు మీటరు వచ్చింది, నల్లా వచ్చింది, ఆఖరికి గేటుకు రంగు కూడా వచ్చింది. రానిదల్లా నా భార్యకు తల్లిగారిల్లు. అది ఏ ఆఫీసులో దరఖాస్తు పెట్టినా ఇచ్చేది కాదు.

మా దిక్కు గృహప్రవేశమంటే అయ్యగారు, హోమం, పాలు పొంగించడం అన్నీ ఉంటాయి గానీ, వచ్చినవాళ్ల కళ్లు మాత్రం ఇల్లాలి ఒడి మీదే ఉంటాయి. ఆమె తల్లిగారి తరఫు వాళ్లు రావాలి. కొత్త చీర పెట్టాలి. పీట మీద కూర్చోబెట్టి ఒడిబియ్యం పోయాలి. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, రవికె ముక్క ఆమె కొంగులో పడితేనే ఆ ఇంటికి కళ. మా ఇళ్లలో బియ్యానికి కరువుండి కాదు. ఈమె వెనక మేమున్నామని నలుగురిలో చెప్పడానికి మా వాళ్లు పెట్టుకున్న పద్ధతి అది. అలాంటివి నోటితో చెప్పడం మాకు పెద్దగా అలవాటు లేదు.

నా భార్యది రావిర్యాల. తోడబుట్టినవాళ్లు లేరు. మా మామ మా పెళ్లికి ముందే పోయాడు, పెళ్లయిన కొన్నేళ్లకు మా అత్త పోయింది. పాలివాళ్లు, అంటే మా మామ దాయాదులు, ఉన్నారు గానీ, వాళ్లకూ ఆయనకూ నడుమ నడిచిన పొలం గట్టు పంచాయితీ నా పెళ్లికన్నా పాతది. మనుషులు పోయినా అది మాత్రం ఆరోగ్యంగానే ఉంది. అలా తల్లిగారిల్లు అనే మాట మా ఇంట్లో వాడుక తప్పిపోయింది.

ఆమె ఆదిభట్లలో ఒక కంపెనీలో పనిచేస్తుంది. విమానాల్లో బిగించే ముక్కలు కొలతకు సరిపోయాయో లేదో చూసి పంపడం ఆమె పని. ఆమె సరే అంటేనే అవి గాల్లోకి లేస్తాయి. అంతటి మనిషి సొంత ఇంటి గడప దాటాలంటే ఇంకొకరు వచ్చి సరే అనాలి. ఈ మాట ఆమెతో అంటే నవ్వలేదు. నా హాస్యానికి ఆమె నవ్వకపోవడం కొత్త కాదు. కానీ ఈసారి నవ్వకపోవడం వేరేగా ఉంది.

ఇంతలో ముహూర్తం పెట్టారు, పిలుపుల పని మొదలైంది. మేము అప్పటికింకా బస్టాండు వెనక కిరాయి ఇంట్లోనే ఉన్నాం. అమ్మ సోఫాలో కూర్చుని ఎవరెవరిని పిలవాలో తలచుకుంటుంటే నా భార్య పక్కనే కూర్చుని గుర్తుచేసేది. మా మేనత్త, ఆమె వియ్యాలవారు, మా నాన్న పేకాట దోస్తులు, ఎవరినీ మరచిపోలేదు. తన తరఫు దగ్గరికి వచ్చేసరికి మాత్రం లేచి వెళ్లి స్టవ్ మీద పాలు చూసొచ్చేది. ఆ పాలు ఏనాడూ పొంగలేదు.

అమ్మ ఇదంతా గమనించనట్టే ఉంది. అమ్మ గమనించనట్టు ఉందంటే బాగా గమనించిందని అర్థం. ఒక సాయంత్రం నన్ను పక్కకు పిలిచి, పిల్ల ఒడి తానే నింపుతానంది. అత్తగారు నింపితే చెల్లదని అమ్మకు తెలిసినంత గట్టిగా మా చుట్టాల్లో ఎవరికీ తెలియదు. ఎన్ని ఇళ్లలో ఎన్ని ఒడిబియ్యాలకు తీర్పులు చెప్పిందో లెక్కలేదు. రాజ్యాంగం రాసిన మనిషే సవరణకు సిద్ధపడిందంటే సంగతి ఎంత దూరం వచ్చిందో నాకు అర్థమైంది. కానీ జల్‌పల్లిలో ఉండే మా మేనత్త ఫోన్లోనే ఆ సవరణను కొట్టేసింది. అత్తగారు పోస్తే అది ఒడిబియ్యం కాదట, రేషన్ బియ్యమట.

రావిర్యాలలో మా మామ కట్టుకున్న ఇల్లు ఊరి చివర, బస్టాపు పక్కన ఉండేది. దానికి ఎదురిల్లు ఒక క్రైస్తవ కుటుంబానిది. ఆ ఇంటాయన ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు, చర్చిలో పెద్ద. వాళ్లకు ఆడపిల్లలు లేరు. నా భార్య ఆయనను కాక అనీ, ఆయన భార్యను చిన్నమ్మ అనీ పిలుస్తుంది. ఊళ్లో అందరూ అందరినీ ఏదో ఒక వరుసతో పిలుస్తారు. అందులో ఎంత నిజమో అవసరం వచ్చినప్పుడే తెలుస్తుంది. తల్లి పొలం నుంచి వచ్చేదాకా ఈమె బడి నుంచి నేరుగా ఆ ఇంటికే పోయేదట. క్రిస్మస్ నాటకంలో దేవదూత వేషం ప్రతి ఏడూ ఈమెదేనట, రెక్కలు కట్టినా కదలకుండా నిలబడేది ఈమె ఒక్కతే కాబట్టి. బతుకమ్మ రోజుల్లో చిన్నమ్మ తాను ఆడకపోయినా, పొద్దున్నే పోయి తంగేడు పువ్వు కోసుకొచ్చి ఈమె ముందు గుమ్మరించేదట.

ఆ చిన్నమ్మ ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఫోన్ చేస్తుంది. ముహూర్తం సంగతి విని మొదట సంతోషపడింది. తర్వాత, నీ ఒడి ఎవరు నింపుతారు బిడ్డా అని అడిగింది. సిగ్నల్ సరిగ్గా లేదు చిన్నమ్మా అని చెప్పి నా భార్య ఫోన్ పెట్టేసింది. సిగ్నల్ నిండుగా ఉంది. నేను పక్కనే ఉన్నాను.

రెండు మూడు రోజుల తర్వాత కాక మా కిరాయి ఇంటికి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. నా భార్య డ్యూటీలో ఉంది. ఆ సంగతి తెలిసే వచ్చాడని తర్వాత అర్థమైంది. కుర్చీ అంచున కూర్చుని, ఎండల గురించి, కొత్త బస్సుల గురించి కాసేపు మాట్లాడాడు. తర్వాత అమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, మాకు పద్ధతులు ఎక్కువ ఎర్కలేవు. బిడ్డ ఎర్కే. మీరు సరేనంటె మేమొచ్చి ఒడి నింపుతం. కాదంటె గూడ ఏం లేదు, అందరి లెక్కనే వచ్చి అన్నం తిని పోతం."

అమ్మ లేచింది. చాయ్ పెడతానని లోపలికి పోయింది. అమ్మ ఆలోచన నాకు తెలుసు. ఒడిలో పడ్డ బియ్యం ఒడిలోనే ఉండదు. వండి దగ్గరివాళ్లను పిలిచి పెట్టాలి. ఆ బియ్యం ఏ ఇంటి నుంచి వచ్చింది, ఏ వాడ నుంచి వచ్చింది అని చూసే కళ్లు మా వాళ్లలో ఇంకా ఉన్నాయి. చదువులు వచ్చాక పైకి అడగడం మానేశారు. ఆకలి లేదంటారు.

కాకకు అమ్మ మనసు నాకన్నా బాగా తెలుసుననుకుంటాను. బతుకంతా బస్సులో ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారో, ఎవరు నిలబడతారో చూసిన మనిషి. ఆయన తొందరపెట్టలేదు. గోడ మీది క్యాలెండరును శ్రద్ధగా చదువుతూ కూర్చున్నాడు. అది మూడు నెలల పాతది.

అమ్మ చాయ్ తెచ్చింది. ఆయన ముందు పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ అడిగింది.

"బియ్యంల పసుపు కలుపుతరా?"

ఆయన ఒక గుక్క తాగాడు. "కలుపుతం. ప్రార్థన చేసి కలుపుతం."

"ప్రార్థన వద్దన్ననా. చేసుకోన్రి. జర కుడుకలు మర్వకున్రి."

అంతే. ఇంత పెద్ద సంగతి ఎండుకొబ్బరి దగ్గర తేలిపోయింది.

సాయంత్రం కంపెనీ బస్సు దిగి వచ్చిన నా భార్యకు సంగతంతా చెప్పాను. ఆమె బ్యాగు భుజానికి ఉండగానే నిలబడి విన్నది.

"కాక చాయ్ తాగిండా?" అని అడిగింది.

"తాగిండు."

"ఏ కప్పుల?"

"మనం తాగే కప్పులనే."

ఆమె మొహం కడుక్కోవడానికి లోపలికి పోయింది. చాలాసేపు కడుక్కుంది.

గృహప్రవేశం రోజు వాళ్లు పొద్దున్నే వచ్చారు. వెంట చర్చి నుంచి ఒక ఆటో నిండా ఆడవాళ్లు. అందరి చేతుల్లోనూ పళ్లేలు, పళ్లేల్లో పండ్లు, చీర, గాజులు. తల్లిగారి తరఫు లేదనుకున్న మనిషికి వీధి మలుపు దాకా వరస తయారైంది. నా భార్య గేటు దగ్గర నిలబడి ఉంది. చిన్నమ్మ ఆమెను చూసి, జారిన పైట సర్ది, తలలో పువ్వులు ఒకసారి కదిపి చూసింది. పిన్ను గట్టిగానే ఉంది.

అప్పుడు మా మేనత్త తన పని మొదలుపెట్టింది. అమ్మ చెవిలో చెబుతున్నట్టు, అందరికీ వినపడేట్టు అన్నది. "ఒడి నింపేది ముత్తయిదువ గద వదినె. నొసట బొట్టే లేకపాయె."

నిజమే, చిన్నమ్మ బొట్టు పెట్టుకోదు. వాళ్ల ఇంట్లో ఎవరూ పెట్టుకోరు. చిన్నమ్మకు ఆ మాట వినపడింది. పళ్లెం పట్టుకున్న చేయి అలాగే ఆగిపోయింది. నా భార్య అప్పటికే పీట మీద కూర్చుని ఉంది. ఆమె తలెత్తి ఎవరినీ చూడలేదు, నేల మీది కొత్త టైల్స్‌ను చూస్తూ ఉండిపోయింది.

అమ్మ కుంకుమ భరిణె మూత పెట్టి పక్కన ఉంచింది.

"మొగుడు పక్కనే నిలవడ్డడు గద," అంది. "ముత్తయిదువ అనెతందుకు ఇంకేం సాక్ష్యం గావాలె?"

కాక కాస్త నిటారుగా నిలబడ్డాడు. తాను సాక్ష్యంగా పనికి రావడం ఆయనకు అదే మొదటిసారి కావచ్చు. మేనత్త ఇంకేమీ అనలేదు. అనడానికి ఆయన బతికే ఉన్నాడాయె.

చిన్నమ్మ బియ్యం మూట విప్పింది. విప్పగానే అందరి కళ్లూ దాని మీదే పడ్డాయి. ఒడిబియ్యంలో పసుపు చిటికెలతో వేస్తారు, గింజకు లేత రంగు వస్తే చాలు. చిన్నమ్మ ఎన్నడూ కలిపినామె కాదు. తక్కువైతే మా వాళ్లు ఏమనుకుంటారో, బిడ్డకు ఎక్కడ మాట వస్తుందో అని భయపడి, ప్యాకెట్లకు ప్యాకెట్లే గుమ్మరించింది. ఆ బియ్యం పసుపుపచ్చగా లేవు. పసుపే, అందులో అక్కడక్కడ బియ్యం ఉన్నాయి. మూట విప్పిన చిన్నమ్మ చేతులు మోచేతుల దాకా పచ్చగా అయ్యాయి. మా మొహాలు చూసి ఏదో తప్పు జరిగిందని ఆమెకు అర్థమైంది, ఏమిటో మాత్రం తెలియలేదు.

అమ్మ వంగి బియ్యాన్ని ఒకసారి చేత్తో కలిపి చూసింది. తన అరచేతిని తిప్పి చూసుకుంది.

"వదినే," అంది, "బియ్యంల పసుపు కలుపుమన్న గని, పసుపుల బియ్యం కలుపుమన్ననా?"

ముందు చిన్నమ్మ నవ్వింది. తర్వాత చర్చి ఆడవాళ్లు, తర్వాత మా వాళ్లు. నేను నవ్వలేదు, ఎందుకంటే ఆ మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. అంతదాకా అమ్మ ఆమెను ఏ వరుసతోనూ పిలవలేదు. ఏమమ్మా అనీ, ఇటు రాన్రి అనీ సరిపెట్టింది. మా దిక్కు కోడలి తల్లిని కూడా వదినె అనే పిలుస్తారు. మా అత్త పోయిన తర్వాత ఆ పిలుపు అమ్మ నోట కోడలి తరఫు వాళ్ల కోసం రాలేదు. నా భార్య కూడా నవ్వడం లేదు. ఆమెకూ అదే వినపడింది.

కాక ప్రార్థన చేశాడు. ఆయన ప్రార్థన కొంచెం పెద్దది. మా ఇల్లు, ఇంట్లోవాళ్లు, నల్లా నీళ్లు, ఆదిభట్ల కంపెనీ, అది చేసే విమానాల్లో ఎక్కే వాళ్లందరూ అందులోకి వచ్చారు. అయ్యగారు ముహూర్తం దాటిపోతుందని గడియారం చూసుకున్నాడు గానీ, మధ్యలో ఆపలేదు. అందరికన్నా ముందు ఆమెన్ అన్నది మా నాన్న. భక్తో ఆకలో నేను అడగలేదు.

చిన్నమ్మ రెండు దోసిళ్లతో బియ్యం పోసింది. కొంగు నిండుతూ వచ్చింది. నా భార్య తల వంచుకునే ఉంది. బియ్యం మీద ఏవో రాలాయి. ఖర్జూరాలైతే కావు.

పోయడం అయిపోయాక చిన్నమ్మ చేతులు దులుపుకోబోయింది. ఆమెకు తెలియని ముక్క ఇంకొకటి మిగిలి ఉంది. ఒడి నిండిన బిడ్డ అందులోంచి కొన్ని పిడికెళ్లు తిరిగి తల్లిగారి వాళ్లకు పెడుతుంది. అంతా ఊడ్చుకుపోకూడదు, ఆ ఇల్లు కూడా నిండుగా ఉండాలని. అమ్మ ఆ సంగతి చెప్పి, కొంగు పట్టమంది. చిన్నమ్మ కొత్త చీర కొంగు చాచింది. నా భార్య పిడికిలి నింపి అందులో పోసింది. మళ్లీ పోసింది. పెట్టాల్సిన దానికన్నా ఎక్కువే పెట్టింది. ఎవరూ లెక్కబెట్టలేదు, మేనత్త కూడా.

ఆ బియ్యం వండిన రోజు మా చుట్టాల్లో ఇద్దరు ముగ్గురికి నిజంగానే ఆకలి లేకపోయింది. అమ్మ వాళ్లను బతిమాలలేదు. మేనత్త మాత్రం తిన్నది. బియ్యం ఎంత కడిగినా అన్నం పచ్చగానే ఉంది. పులిహోర అనుకుని తింటున్నానని చెప్పుకుంది. ఎవరి వెసులుబాటు వాళ్లది.

కొత్త ఇంట్లో చేరిన నెల లోపలే నాకూ నా భార్యకూ గొడవైంది. మెట్ల కింద జాగాలో చెప్పుల స్టాండు పెట్టాలా, నీళ్ల డబ్బాలు పెట్టాలా అన్నది విషయం. నా వాదనలో బలం లేదని నాకు తెలుసు, అందుకే గొంతు పెంచాను. ఆమె కాసేపు చూసి, చాలా మామూలుగా అన్నది.

"నేను మా తల్లిగారింటికి పోత."

మా పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె ఆ మాట అనలేదు. అనడానికి చోటు లేక మింగిన కోపాలు ఎన్నో నాకు తెలియదు. అన్నాక ఆ మాట రుచి చూస్తున్నట్టు ఆమె ఒక్క క్షణం ఆగింది. హాల్లోంచి అమ్మ, "పోనియ్యిరా. రెండొద్దులు ఉండి రానియ్యి," అంది. అమ్మ గొంతులో బాధేమీ వినపడలేదు.

బండి మీద రావిర్యాలలో దింపాను. దారంతా ఆమె నాతో మాట్లాడలేదు, కానీ చేయి మాత్రం నా భుజం మీదే ఉంచింది. గతుకుల రోడ్డు. కాక గేటు తీసి ఆమె చేతిలో బ్యాగు అందుకున్నాడు. చిన్నమ్మ ఆమెను లోపలికి తీసుకుపోయింది, నేనేం చేశానో వివరంగా తెలుసుకోవడానికి. నాకు బయట అరుగు మీద చాయ్ ఇచ్చారు. కోపం మీద ఉన్న తల్లిగారి వాళ్లు అల్లుడికి ఇచ్చే చాయ్‌లో చక్కెర తక్కువ ఉంటుందని అప్పుడే తెలిసింది.

ఎప్పుడు వచ్చి తీసుకుపోమంటారని కాకను అడిగాను.

"మేం పిలిచేదాంక రాకు అల్లుడా," అన్నాడు ఆయన.

సరేనన్నాను.