పడవ తగలబడితే సర్వర్ పడిపోయేది

ఏలూరులో నాకో కంప్యూటర్ రిపేరు షాపు ఉంది. అందులో బల్ల కింద ఒక మిషను పగలూ రాత్రీ ఆన్‌లోనే ఉండేది. అది మా ఆట సర్వర్. కోటలు కట్టుకుని, పడవలెక్కి ఒకరి మీద ఒకరు దండెత్తే ఆట. ఆటకి బయటివాళ్లు రాసిన అదనపు ముక్కల్ని మోడ్‌లంటారు. వాటిని వెతికి తగిలించేదాన్ని నేనే. ఒకటి పడవలు తెచ్చింది, ఒకటి నిప్పు బాణాలు, ఇంకోటి వానలు. సాయంత్రమయ్యేసరికి గణపవరం, ఉంగుటూరు, కొల్లేటి లంకల నుంచి కూడా జనం నెట్‌లో అందులోకి వచ్చిపడేవారు.

వాళ్లలో ఇద్దరు బద్ధశత్రువులయ్యారు. ఒకతను కొల్లేటి ఊళ్లో చేపల చెరువుల మీద వల లాగేవాడు. రెండో అతనికి తాడేపల్లిగూడెంలో ఎరువుల కొట్టు. ఇద్దరూ నన్ను అక్కా అనే పిలిచేవారు. యుద్ధం ముదిరినప్పుడల్లా సర్వర్ పడిపోయేది. తెర బిగుసుకుపోయి, అందరూ ఒక్కసారే బయటికొచ్చేసేవారు. మళ్లీ మొదలుపెడితే ఆట వెనక్కి వెళ్లి ఉండేది. కొల్లేటి అతను కూల్చిన గోడలన్నీ మళ్లీ లేచి నిలబడేవి.

"వాడు ఓడిపోతున్నప్పుడే ఎందుకు పడిపోద్దక్కా? వాడే ఏదో చేస్తున్నాడు" అనేవాడతను.

మిషన్లో మెమరీ చాలడం లేదేమోనని నేను మెమరీ పెంచాను. రోజూ ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెట్టాను. అయినా పడిపోతూనే ఉంది.

ఒకరోజు మధ్యాహ్నం గూడెం అతను ల్యాప్‌టాప్ బాగు చేయించుకోడానికి షాపుకొచ్చాడు. అదే సమయానికి కొల్లేటి అతను లోపలికొచ్చాడు. ఆ పొద్దున్నే అతను గెలవబోతున్న యుద్ధం సర్వర్‌తో పాటే పోయింది.

"మళ్లీ ఆపేశావా?" అన్నాడు గూడెం అతనితో.

గూడెం అతను నవ్వాడు. ఆ నవ్వు పూర్తి కాలేదు. కొల్లేటి అతను బల్ల కిందికి వంగి, వైర్లు తెగిపోయేలా సర్వర్ మిషన్ని లాగి, పైకెత్తి అతని తల మీద వేశాడు. ఇనుప డబ్బా అంచు ఎడమ చెవిని చీల్చింది. కిందపడ్డవాణ్ణి కాలితో తన్నడం మొదలుపెట్టాడు. నేను వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగాను.

"అక్కా, మీరు తప్పుకోండి. మీకు తగులుద్ది" అన్నాడు, తన్నడం ఆపకుండానే.

అతని మోచెయ్యి నా నోటికి తగిలింది. పెదవి చిట్లింది. పక్కనున్న టీ కొట్టువాళ్లు పరిగెత్తుకొచ్చి అతన్ని గోడకేసి అదిమిపట్టారు. గూడెం అతన్ని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. దారి పొడుగునా అతని చెవి నా చున్నీలోకి నెత్తురు కక్కుతూనే ఉంది. కుట్లు మానాయి గానీ ఆ చెవికి వినికిడి తిరిగి రాలేదు. కొల్లేటి అతని మీద కేసు పెట్టారు.

డబ్బా సొట్టబోయినా లోపలి డిస్కు బతికింది. దాన్ని వేరే మిషన్‌కి తగిలించాను. ఈసారి అంచనాలు కట్టదలుచుకోలేదు. ఆటకి నకలు తీసుకుని, సగం మోడ్‌లు తీసేసి నేనొక్కదాన్నే యుద్ధం చేసి చూశాను. పడిపోలేదు. తీసినవాటిని ఒక్కొక్కటే తిరిగి పెట్టుకుంటూ వచ్చాను. చివరికి పడవల మోడూ, నిప్పు బాణాల మోడూ కలిసినచోట దొరికింది. కాలుతున్న పడవ మునిగితే ఆటలోంచి పడవ మాయమయ్యేది, మంట మాత్రం మిగిలేది. ఆ మంట, మాయమైన పడవ చెక్క కోసం ఆగకుండా వెతుకుతూ మిషన్ ఊపిరి తీసేది. యుద్ధం ముదిరితేనే పడవలు తగలబడేవి.

బెయిలు మీద వచ్చాక కొల్లేటి అతను షాపు గుమ్మంలో నిలబడ్డాడు. ముందు చెంప పగలగొట్టాను. ఆ తర్వాత కూర్చోబెట్టి చూపించాను. తన చేత్తోనే ఒక పడవకి నిప్పు పెట్టాడు. పడవ మునిగింది. తెర బిగుసుకుపోయింది.

"అయితే వాడు కాదా అక్కా?"

"ఎవరూ కాదు."

లేచి బస్సెక్కి గూడెం వెళ్లాడు. అతను చెప్పిందంతా విని, గూడెం అతను కొట్లో బస్తాలు లాగే ఇనుప కొక్కెం తిరగేసి వీధిలోనే అతన్ని బాదాడు. కొల్లేటి అతను ఎదురు చెయ్యి ఎత్తలేదు. అతని చెయ్యి విరిగింది. ఆ సంగతి నాకు గూడెం అతనే ఫోన్ చేసి చెప్పాడు. "మీరొకసారి వెళ్లి చూసి రండక్కా" అంటూ ఏడ్చాడు. తర్వాత కేసు రాజీ అయింది గానీ వాళ్లిద్దరూ మళ్లీ మాట్లాడుకోలేదు.

నిప్పు బాణాలు తీసేశాను. ఇప్పుడు ఏ కొత్త మోడైనా ముందు నకలు ఆటలో పాతవాటితో కలిపి పెట్టి, కొన్నాళ్లు నేనే కొట్టి, తగలబెట్టి, ముంచి చూస్తాను. ఆ తర్వాతే అందరికీ ఇస్తాను. సర్వర్ పడిపోవడం లేదు. కొల్లేటి అతను ఆట మానేశాడు. గూడెం అతను మాత్రం వస్తూనే ఉన్నాడు. కొత్తవాళ్లెవరైనా మైకులో గట్టిగా అరిస్తే, "రాసి చెప్పండి, నాకు సరిగా వినపడదండీ" అని టైపు చేస్తాడు.