మా నాయన తువ్వాల విసిరిన సినిమా

ఈ కాలంలో డబ్బు పెట్టి సినిమా డిస్కు కొనేవాడిని జనం ఎలా చూస్తారో నాకు బాగా తెలుసు. కర్నూలు పక్కనున్న కల్లూరులో నాది టీవీలు, మిక్సీలు బాగుచేసే చిన్న షాపు. దాని వెనకే ఇల్లు. ముందు గదిలో ఒక గోడ పొడుగునా అరలు కొట్టించి డిస్కులు పేర్చుకున్నాను. ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరూ ఆ గోడ ముందు నిలబడి అదే మాట అంటారు. "ఫోన్లో అన్నీ వస్తాండాయి గదప్పా, ఈ చెత్తంతా ఎందుకు పెట్టుకున్నావు?" మొదట్లో నవ్వి ఊరుకునేవాడిని. ఇప్పుడు ఊరుకోవడం లేదు. ఫోన్లో అన్నీ వస్తాయా? వాళ్ళు ఉంచినన్నాళ్ళు వస్తాయి. వాళ్ళు ఉంచినంత వరకే వస్తాయి. నా గోడ మీదున్నది మాత్రం ఎవరూ నా వెనకాల వచ్చి కోసుకుపోలేరు.

నాకింత కోపం రావడానికి కారణం ఒక బాక్సింగ్ సినిమా. అది మా అమ్మకు కావాలి. జీవితమంతా మగ్గం పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టిన మనిషికి బాక్సింగ్‌తో ఏం పని అని మీకు అనిపించవచ్చు. ఆమెకు బాక్సింగ్ అక్కర్లేదు. ఆ సినిమాలో మా నాయన ఉన్నాడు.

మా నాయన పోయి చాలా ఏళ్ళయింది. మా చేతుల్లోకి వీడియో తీసే ఫోన్లు రాకముందే పోయాడు. బంధువుల పెళ్ళి క్యాసెట్లన్నీ వెతికాం. పెళ్ళికి పోతే ఆయన వంటల దగ్గరో వడ్డన దగ్గరో ఉండేవాడు కాబట్టి ఆయన వీపు తప్ప ఏమీ దొరకలేదు. ఆయన కదులుతూ, నోరు తెరిచి మాట్లాడుతూ కనబడేది ప్రపంచం మొత్తం మీద ఆ ఒక్క సినిమాలోనే.

మా సొంతూరు కడప జిల్లాలో ఒక నేత ఊరు. గండికోటలో పాట తీసుకోవడానికి వచ్చిన సినిమావాళ్ళు, దగ్గరే కదా అని మా ఊరికి కూడా వచ్చి, పాడుబడిన పత్తి గోడౌన్‌లో తాళ్ళు కట్టి బాక్సింగ్ బరి వేశారు. చుట్టూ కూర్చోవడానికి జనం కావాలి. మగ్గాలు ఆపించి నేతగాళ్ళందరినీ పిలిచి బల్లల మీద కూర్చోబెట్టారు. మా నాయన మగవాళ్ళ వరసలో, భుజం మీద తను నేసుకున్న తువ్వాలతో. మా అమ్మ సరిగ్గా ఎదురు వరసలో, ఆడవాళ్ళతో.

హీరో దెబ్బ తిని కింద పడిపోవాలి. పడ్డాడు. ముఖమంతా ఎర్రరంగు పూశారు. అది రంగని మా ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు, పొద్దున్నుంచీ పూస్తుంటే చూస్తూనే ఉన్నారు. మా నాయనకూ తెలుసు. అయినా ఆ పిల్లోడు కింద పడి, కళ్ళలోకి కారుతున్నది తుడుచుకోవడానికి చేతులకున్న గ్లవుజులు అడ్డమై తంటాలు పడుతుంటే చూస్తూ కూర్చోలేకపోయాడు. లేచి, భుజం మీది తువ్వాల తీసి బరిలోకి విసిరాడు.

"తుడుచుకోప్పా! తుడుచుకోని లేయ్!"

అంతే, కెమెరా ఆగిపోయింది. వాళ్ళతో వచ్చిన బాక్సింగ్ మాస్టరు నెత్తి కొట్టుకున్నాడు. బాక్సింగ్‌లో బరిలోకి తువ్వాల విసిరితే ఓటమి ఒప్పుకున్నట్లేనట. మావాడు ఇక కొట్లాడలేడు, ఆపేయండి అని అర్థమట. ఒక అసిస్టెంటు వచ్చి మా నాయన మీద ఎగిరాడు. మా నాయన వెనక్కి తగ్గలేదు. "మొగాన రక్తం కారుతాంటే తువ్వాల ఇయ్యకుండా చూస్తా కూర్చుంటారా యాడన్నా? మీ ఆటలో అట్ల ఉండాదేమో, మా ఊర్లో ల్యా" అన్నాడు.

ఆయన అన్నది నిజమే. మా ఇళ్ళలో అది ఆనవాయితీ. ఎండన పడి వచ్చిన మనిషి, ఎవరైనా సరే, గడప దగ్గర ముఖం కడుక్కుంటే ఆ ఇంటి తువ్వాల చేతికివ్వాలి. పాతది ఇస్తే తప్పు. ఇవ్వకపోతే ఇంకా పెద్ద తప్పు. తువ్వాల ఇవ్వడమంటే మా దగ్గర కూర్చో, సేద తీరు, మళ్ళీ లేచి పని చూసుకో అని చెప్పడం. అంతేగానీ ఓడిపోయావని చెప్పడం కాదు.

డైరెక్టరు కొంచెం మనసున్నవాడు. పగలబడి నవ్వి, ఇది ఉండాల్సిందేనన్నాడు. మా నాయన చేత మళ్ళీ మళ్ళీ విసిరించారు. హీరో ఆ తువ్వాలతో ముఖం తుడుచుకుని లేచి నిలబడేలా మార్చుకున్నారు. తువ్వాల మాత్రం తిరిగి ఇవ్వలేదు. మిగిలిన సీన్లకు కావాలి, తర్వాత పంపుతామన్నారు. ఆ తర్వాత ఈనాటి వరకూ రాలేదు. మా అమ్మ దాన్ని మర్చిపోలేదు. ఆ తువ్వాలకు నూలు చుట్టింది తను. "నీలం అంచుది. కొత్తది. అడిగి తీసుకొని పోయినోళ్ళకు తెచ్చియ్యాలని తెలీదా?" అని ఇప్పటికీ తిడుతుంది. తిట్టాల్సిందే.

సినిమా కడపలో ఆడితే ఊరు ఊరంతా లారీ కట్టించుకుని పోయాం. ఆ సీను వచ్చింది. మా నాయన లేచాడు, తువ్వాల తీశాడు, నోరు తెరిచాడు. "లెగు బాబూ లెగు! తుడుచుకుని లెగవయ్యా!" అని ఎవరో కోస్తా యాసలో అరిచారు. డబ్బింగ్. మా ఊళ్ళో తీసి, మా మనుషుల్ని కూర్చోబెట్టి, ఆ మనిషి నోట్లో ఆయన మాట కూడా ఉంచలేదు. హాల్లో ఈలలు మోగుతున్నాయి. మా అమ్మ మాత్రం సీట్లోంచి లేచి నిలబడి, "ఇది మీ నాయన గొంతు కాదురా!" అని గట్టిగా అంది. మా నాయన ఆమెను చెయ్యి పట్టి కూర్చోబెట్టి, "పోనీలే, మొగం నాదే గదా" అన్నాడు. మా ఇంట్లో పోనీలే అనగలిగినవాడు ఆయనొక్కడే. ఆ గుణం నాకు రాలేదు.

ఆయన పోయాక ఆ సినిమా టీవీలో ఎప్పుడు వచ్చినా చూసేవాళ్ళం. తర్వాత టీవీలో రావడం మానేసింది. ఈమధ్య ఒక యాప్‌లో ఉందని తెలిసి, డబ్బు కట్టి, మా అమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని పెట్టాను. హీరో పడ్డాడు. మా అమ్మ ముందుకు వంగింది. మరుక్షణం హీరో లేచి నిలబడి ఉన్నాడు. ముఖం శుభ్రంగా ఉంది. మధ్యలో ఏమీ లేదు. మా నాయన లేడు.

వెనక్కి జరిపి మళ్ళీ పెట్టాను. లేడు. "నువ్వు తిప్పేటప్పుడు యాడో పోయినట్లుండాది, సరిగ్గా చూడు" అంది అమ్మ. సరిగ్గానే చూశాను. కోసేశారు. ఎవరు కోశారో నాకు తెలియదు గానీ, ఎందుకు కోశారో మాత్రం తెలుసు. నెట్‌లో బాక్సింగ్ తెలిసిన పెద్దమనుషులు కొందరు ఆ సీను మీద ఏళ్ళ తరబడి ఎగతాళి రాస్తూ వచ్చారు. తువ్వాల విసిరితే ఓడిపోయినట్లని కూడా తెలియని మొద్దులు తీసిన సినిమా అని. ఆ తప్పును దిద్దుకున్నారన్నమాట. మనిషి ముఖం తుడుచుకోవడానికి గుడ్డ ఇవ్వడం తప్పట! రాసినవాళ్ళలో ఒక్కడైనా ముఖాన నెత్తురు కారుతూ కింద పడి ఉంటే తెలిసేది, చేతికి ఏం కావాలో.

అప్పుడు నిశ్చయించుకున్నాను. సినిమా విడుదలైన కొత్తల్లో వచ్చిన డిస్కు సంపాదించాలి. అందులో ఎవరూ కత్తెర పెట్టలేరు.

కర్నూలులో ఒకప్పుడు డిస్కులు అమ్మిన అంగళ్ళన్నీ ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నాయి. అందరూ నన్ను పిచ్చివాడిని చూసినట్లు చూశారు. కడపలో ఒక పాత అంగడి ఉందని విని బస్సెక్కాను. అదీ ఫోన్ కవర్ల అంగడే అయింది. కానీ దాని యజమాని, గడ్డం నెరసిన సాయిబు, సినిమా పేరు చెప్పగానే గుర్తుపట్టాడు.

"ఆ బాక్సింగ్ పిక్చరా? శానా కాపీలు ఉండె భాయ్. మూటలు కట్టి రైతులకు ఇచ్చేస్తి."

"రైతులకు ఎందుకన్నా డిస్కులు?"

"చేన్లో కడతారప్పా. ఎండకు తళతళ మెరుస్తాయి గదా, చిలకలు రావు. కమలాపురం అవతల పొద్దుతిరుగుడు ఏసినాయన ఒకడు పోయిన నెలలో మూటెడు తీసుకపోయె."

మా నాయనను చిలకల్ని తోలడానికి చేలో కట్టారు. సాయిబు నా ముఖం చూసి జాలిపడ్డాడేమో, గల్లా కింద మిగిలిన డిస్కుల కట్ట ఒకటి తీసి ఊరికే తీసుకుపొమ్మన్నాడు. చూస్తే అన్నీ మా సీమ మీద తీసినవే. అంటే సుమోలు, కొడవళ్ళు, బాంబులు. ఒక్క సినిమాలోనూ మగ్గం లేదు, అంగడి లేదు, బడి లేదు. ఇక్కడ పొద్దున లేచి మనిషిని చంపడం తప్ప ఎవరికీ వేరే పని లేనట్లు చూపించిన సినిమాలు. అసలే మండుతున్నవాడికి అవి ఇంకా మంట పుట్టించాయి. అయినా సంచిలో వేసుకున్నాను. డిస్కును వద్దనడం నాకు చేతకాదు.

కమలాపురంలో దిగి, ఆటో పట్టుకుని చేనికి పోయాను. దూరం నుంచే కళ్ళు జిగేల్మన్నాయి. కట్టెలు నాటి, వాటి మధ్య దారాలు లాగి, డిస్కులు వేలాడదీశాడు. గాలికి తిరుగుతున్నాయి. రైతు నాకన్నా పెద్దాయన. సంగతి చెబితే ఓపిగ్గా విని, వెతుక్కోమన్నాడు. ఎండలో సాలు సాలూ తిరుగుతూ, తల పైకెత్తి ఒక్కొక్క డిస్కు మీద పేరు చదువుకుంటూ పోయాను. అన్నింటి కాపీలూ ఉన్నాయి గానీ ఇది లేదు. తెచ్చినవాటిలో కొన్ని గాలికి తెగి పోయాయని రైతు అన్నప్పుడు ఏడుపొచ్చినంత పనైంది. చివరికి గట్టు వారగా కనిపించింది. బొమ్మ సగం వెలిసింది. బాక్సింగ్ గ్లవుజు మాత్రం ఎర్రగా ఉంది. నడిమి రంధ్రంలోంచి జనపనార తాడు.

విప్పబోతే రైతు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏమప్పా, నువ్వు దాన్ని పీక్కపోతే ఈ గట్టు కాడ ఎవరుండాల? నీ మాదిరే చిలకలు కూడా దాన్నే చూస్తాండాయి. సందు దొరికితే చాలు, పడతాయి."

"ఎంతన్నా కావాలంటే ఇస్తానన్నా."

"దుడ్లు కడితే మెరుస్తాయా? దాని తావులో ఇంకోటి కట్టి తీసుకపో."

సంచిలోని కట్ట తీశాను. ఒకటి కాదు, అన్నీ కట్టాను. నా చేతులతో నేనే దారాలు బిగించాను. రైతు ఒక్కొక్కదాని మీది కొడవళ్ళ బొమ్మలు చూసి, "ఇవి ఇంకా బాగా బెదిరిస్తాయిలే" అన్నాడు. ఇన్నేళ్ళూ మమ్మల్ని చూపించి బయటి ఊళ్ళవాళ్ళను బెదిరించిన సినిమాలు చిలకల్నైనా బెదిరించి నాలుగు గింజలు కాపాడతాయంటే నాకు సంతోషమే. డిస్కు దొరకడం అటుంచితే, ఆ రోజంతటిలో నాకు కలిగిన ఒకే ఒక్క సంతోషం అది.

ఇంటికి తెచ్చి సబ్బునీళ్ళతో కడిగాను. గీతలున్నాయి. ప్లేయరు లెన్సు శుభ్రం చేసి, మర్నాడు ఉదయం టిఫిన్ కాగానే అమ్మను పిలిచి పెట్టాను. మొదటి పాట దగ్గర ఆగింది. దాన్ని దాటించాను. కామెడీ దగ్గర గడులు గడులుగా పగిలింది. ఎవడికి కావాలి, దాటించాను. గోడౌన్ వచ్చింది. హీరో పడ్డాడు.

మా నాయన లేచాడు. నల్లటి ముఖం, పలచటి మీసం, పై గుండీ పెట్టుకోని చొక్కా. తువ్వాల గాలిలో విచ్చుకుంది. నీలం అంచు స్పష్టంగా కనిపించింది. "లెగు బాబూ లెగు!" అని ఆ పరాయి గొంతు అరిచింది.

అమ్మ నా చేతిలోని రిమోటును తట్టింది.

"ఆ మాటలు రాకుండా చెయ్. వాడెవడో అరుస్తాంటే నాకు మీ నాయన కనపడడంల్యా."

శబ్దం తీసేసి, వెనక్కి జరిపి మళ్ళీ పెట్టాను. గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కటే. మా నాయన లేచాడు, తువ్వాల తీశాడు, నోరు తెరిచాడు. మా అమ్మ ఆ రోజు ఎదురు వరసలో కూర్చున్న మనిషి కదా. ఆయన పెదాలు కదిలినప్పుడే, సరిగ్గా అంతే పొడవున, ఆయన గట్టితనంతోనే అంది.

"తుడుచుకోప్పా! తుడుచుకోని లేయ్!"

హీరో ముఖం తుడుచుకుని లేచి నిలబడ్డాడు. నా కళ్ళ ముందు తెర అలుక్కుపోయింది. ఆమె కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి, వేలు తువ్వాల వైపు చూపిస్తూ ఉంది.

"సూడు, ఎంత మంచి తువ్వాలో. అది ఇయ్యనే ఇయ్యలే దొంగనాయాళ్ళు" అంది. తర్వాత కుర్చీ ముందుకు లాక్కుని, "మళ్ళా పెట్టు నాయనా" అంది.