వయసంగుళం

1997 జూన్. కాలేజీలు తెరిచే రోజులు. రాజమండ్రి కోటిపల్లి బస్టాండు ఎదురుగా నాకు లేడీస్ టైలరింగ్ షాపు ఉండేది, ఇప్పటికీ ఉంది. కటింగు, మిషను కుట్టు నావి. హుక్కులు, కాజాలు, చేతికుట్టు మా ఆవిడ సత్యవతివి. ఆ నెలలో మా షాపులో జరిగిన ఒక సంగతిని మా టైలర్లు ఈనాటికీ జోకుగా చెప్పుకుంటారు. మొన్న ఒక షాపు ప్రారంభోత్సవంలో టిఫిన్లు తింటూ ఒకాయన ఆ కథ నాకే చెప్పాడు. కాకినాడలో జరిగిందట. యాభై దాటిన లెక్చరరమ్మ ఒకావిడ, లోనెక్ జాకెట్టు కుట్టలేదని టైలర్ మీద అరిచి, గుడ్డ మొహాన కొట్టి పోయిందట. చుట్టూ ఉన్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. నేను ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టేశాను. ఆ కథ కాకినాడది కాదు, నాది. అందులో ఒక్క ముక్క నిజం లేదు. ఆ అబద్ధం మొదట చెప్పిందీ నేనే.

తెలియనివాళ్ళ కోసం మా పని గురించి కొంచెం చెప్పాలి. ఆడవాళ్ళ ఒంటికి టేపు పెట్టి కొలవడం మా దగ్గర తక్కువ. తమకి బాగా కుదిరిన పాత జాకెట్టు ఒకటి తెచ్చిస్తారు. దాన్ని ఆది జాకెట్టు అంటాం. దాని కొలతలే కొత్తదానికి. ఇంతవరకూ న్యాయంగానే ఉంది. కానీ మా గురువుగారు నాకు ఇంకోటి కూడా నేర్పారు. మనిషి వయసులో కాస్త పెద్దదనిపిస్తే బ్యాక్ నెక్, అంటే వీపు వైపు మెడ కోత, ఆదిలో ఉన్నదానికంటే అంగుళం పైకి జరపాలి. చేతులు అంగుళం కిందికి దించాలి. నడుము దగ్గర వదులు పెట్టాలి. అడగక్కర్లేదు, చెప్పక్కర్లేదు. దీనికి మా షాపుల్లో ఒక పేరుంది: వయసంగుళం.

ఏ వయసు నుంచి అంటే, టైలర్ కంటికి తోచినప్పటి నుంచి. పెళ్ళికెదిగిన కూతురు వెంట వస్తే ఇక ఖాయం. అదే వయసు మగాడు పొట్ట మీద బిగుతుగా సఫారీ కావాలంటే, అలాగే సార్ అని కుట్టిచ్చే ఊరే ఇది. మగవాళ్ళ చొక్కాకి వయసంగుళం పెట్టిన టైలర్‌ని నేనింతవరకూ చూడలేదు.

సుభద్ర గారు కొవ్వూరులో ఒక ప్రైవేటు ఆడపిల్లల కాలేజీలో లెక్కల లెక్చరరు. వయసు నలభై ఏడు అని ఆవిడే చెప్పారు, దాచకుండా. రోజూ మా షాపు ఎదుటే బస్సెక్కేవారు. ఆ ఏడు ఆవిణ్ణి ప్రిన్సిపాల్‌ని చేశారు. మొదటి రోజు కోసం ఉప్పాడ వెళ్ళి, మగ్గం దగ్గర నిలబడి చీర ఎంచుకున్నారట. గచ్చకాయ రంగు చీర, సన్నటి వంగపండు రంగు అంచు. జాకెట్టు గుడ్డ ఇస్తూ చాలా సంగతులు చెప్పారు. పెద్ద పువ్వులు తన భుజాలకి నప్పవని, సన్న అంచైతే మనిషి పొడుగ్గా కనిపిస్తుందని, చెయ్యి మోచేతికి పైనే ఆగితే చాక్‌పీసు పట్టుకుని రాయడానికి బాగుంటుందని. కాలేజీ కరెస్పాండెంటు గారు మాత్రం ఇక మీదట మీగడ రంగు నూలు చీరలైతే హుందాగా ఉంటుందని సలహా ఇచ్చారట. అది చెప్పి నవ్వేశారు.

"నాకేది నప్పుతుందో ఇరవైల్లో తెలియలేదండి. ఇప్పుడు తెలిసింది. ఇప్పుడు కట్టుకోవద్దంటే ఎలా?" అన్నారు. ఆది జాకెట్టు నా చేతిలో పెట్టి, ఉన్నదున్నట్టు కుట్టమన్నారు. ఆవిడ అడిగింది అంతే.

నేను అలవాటు ప్రకారం అంగుళం జరిపాను.

తెల్లారితే కాలేజీ అనగా సాయంత్రం వచ్చారు. బెంచీ మీద ఇంకో నలుగురు ఆడవాళ్ళున్నారు. లోపల గదిలోకి వెళ్ళి వేసి చూసుకుని వచ్చి, కొత్త జాకెట్టు కటింగు బల్ల మీద పరిచారు. దాని మీద ఆది జాకెట్టు, భుజానికి భుజం ఆనించి పెట్టారు. పాతదాని మెడ దగ్గర కొత్త గుడ్డ పైకి కనబడుతోంది. దాని మీద వేలు పెట్టి అడిగారు.

"ఈ అంగుళం ఎవరిదండీ మాస్టారూ?"

ఆది ప్రకారమే కుట్టానన్నాను. ఆవిడ వేలు తియ్యలేదు. నాకు ఒళ్ళు మండింది. "రేపటి నుంచి ప్రిన్సిపాల్ గారు కదండీ, కాస్త హుందాగా ఉంటుందని" అన్నాను. బెంచీ మీద ఎవరో కిసుక్కుమన్నారు.

ఆవిడ గొంతు పెంచలేదు. "నేనడిగింది జాకెట్టండి, సలహా కాదు. ఇరవై ఏళ్ళుగా బోర్డు మీద లెక్కలు చేస్తున్నాను. పిల్లలు నా మొహం కంటే వీపే ఎక్కువ చూశారు. ఇన్నాళ్ళూ లేని తప్పు రేపు దానికెలా వస్తుంది?"

మెడ కత్తిరించి అంచుకి పైపింగు తిప్పితే అరగంట పని. చేసివ్వమన్నారు. పని ఒత్తిడిగా ఉంది, వారం పడుతుందన్నాను. ఒత్తిడేమీ లేదు. నలుగురిలో నా మాట నెగ్గాలి, అంతే. ఆవిడ ఆది జాకెట్టు మడతపెట్టి సంచిలో వేసుకున్నారు. కొత్తది బల్ల మీదే వదిలి వెళ్ళిపోయారు.

గుడ్డ మొహాన కొట్టలేదు. అరవలేదు. మెడ లోతు పెంచమని అడగలేదు. తనకున్నది తనకి ఉంచమని అడిగారు. ఆ సాయంత్రమే టీ కొట్టు దగ్గర తోటి టైలర్లకి నేను లోనెక్ కథ అల్లి చెప్పాను. పక్కన నిలబడ్డ ఒక్క మనిషైనా అసలు కొలత ఎంతని అడగలేదు. నలభై దాటిన ఆడమనిషి అద్దం చూసుకుందంటే చాలు, మనవాళ్ళు ఏది చెప్పినా నమ్ముతారు. నవ్వడానికి ముందే సిద్ధంగా ఉంటారు.

మర్నాడు పొద్దున ఆవిడ బస్సు కోసం వచ్చారు. ఆ గచ్చకాయ రంగు చీర మీదికి పాత ఆది జాకెట్టే వేసుకున్నారు. దాని వంగపండు రంగు కాస్త వెలిసింది, చీర అంచుతో మాత్రం చక్కగా కలిసింది. జడ మడిచి ముడి పెట్టుకున్నారు. నిటారుగా నిలబడ్డారు. ఆ స్టాపులో అంతమంది ఉన్నా కళ్ళు ఆవిడ మీదికే వెళ్ళాయి. అందులో హుందాతనానికి ఏం తక్కువైందో నాకిప్పటికీ తెలియదు. బస్సు కదిలేదాకా సత్యవతి సూది పట్టుకుని అలాగే చూసింది. తర్వాత షాపు వెనకే ఉన్న మా ఇంట్లోకి వెళ్ళి తన జాకెట్లన్నీ తెచ్చి బల్ల మీద పడేసింది. అన్నీ నేను కుట్టినవే. అడుగున పెళ్ళినాటి జాకెట్టు తీసి వాటి మీద పరిచింది, నిన్న సుభద్ర గారు పరిచినట్టే.

"నాకెప్పటి నుంచి పెడుతున్నారండీ ఈ అంగుళం?"

రెండోవాడు పుట్టినప్పటి నుంచి. అప్పటికి తనకి ముప్ఫై కూడా నిండలేదు. ఇద్దరు పిల్లల తల్లి కదా అనుకున్నాను. అనుకున్నాను కూడా కాదు, చెయ్యి దానంతటది జరిగింది.

"ఏం వేసుకున్నా నాకు నప్పట్లేదని, నా ఒళ్ళే పాడైపోయిందనుకున్నాను" అంది. "అద్దం ముందు నిలబడటం మానేశాను. మీరు చూస్తూనే ఉన్నారు."

నేను కత్తెర తీసుకుని ఒక్కోటీ సరిచేస్తూ కూర్చున్నాను. అన్నిటికంటే ముందు సుభద్ర గారిది చేశాను. తీసుకెళ్ళి ఇచ్చే ధైర్యం మాత్రం లేకపోయింది. సత్యవతే బస్సెక్కి కొవ్వూరు వెళ్ళి ఇచ్చి వచ్చింది. ఆవిడ టీ ఇప్పించారట. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

సుభద్ర గారు రిటైరయ్యారు. ఆవిడ అప్పటి వయసు నేనెప్పుడో దాటాను. ప్యాంటు ఇంకా బిగుతుగానే కుట్టుకుంటాను, ఇదేంటని అడిగినవాళ్ళు లేరు. మా షాపుకొచ్చే ఆడవాళ్ళు మాత్రం ఆది జాకెట్టు ఇస్తూ, ఈ వయసులో ఇది బాగుంటుందంటారా మాస్టారూ అని గొంతు తగ్గించి అడుగుతూనే ఉన్నారు. ఆ గొంతు తగ్గించడం మేం నేర్పిందే. నేను నోరు తెరిచేలోపే సత్యవతి, కాజా కుడుతూ, తలెత్తకుండా అంటుంది:

"కొలత చెప్పండి. వయసు కొలిచే టేపు మా దగ్గర లేదండి."