పెంకు కదిపితే నేరం

"రక్షణ" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మా పాస్టరుగారు ప్రసంగంలో అన్నా సరే, ముందు ఆయన మీద కోపం వస్తుంది, తర్వాత ఆయన తప్పేం లేదని గుర్తొస్తుంది. ఆ మాటను పాడు చేసింది ఆయన కాదు. జీపులో వచ్చి, నల్లద్దాలు తియ్యకుండానే మా పెద్దమ్మతో మాట్లాడిన ఒక పెద్దమనిషి.

మా పెద్దమ్మ పేరు రెబ్కా. కొత్తపట్నం అవతల సముద్రం ఒడ్డున మిషను దొరలు ఎప్పుడో కట్టుకున్న వేసవి బంగళాకు ఆమె కాపలా మనిషి. అంతకుముందు ఆమె తండ్రి, మా తాతయ్య యేసుపాదం, అక్కడే కాపలా చేశాడు. దొరలు వెళ్లిపోయాక ఒంగోలులో ఒక కమిటీ ఉండి జీతం పంపేది. పెళ్లయిన రెండో ఏడే మొగుడు పోతే, పెద్దమ్మ వెనకవైపు వంటగదిలో మకాం పెట్టి ఆ బంగళానే కాపురం అనుకుంది. ఊళ్లో ఆమెను "బంగళా రెబ్కా" అనేవాళ్లు. చేపలమ్మే ఆడవాళ్లు దారిన పోతూ, "ఏమ్మా రాణీగారూ, ఇయ్యాల దర్బారు ఉందా?" అని వేళాకోళం చేసేవాళ్లు. "ఉంది గానీ, మీ తడి గంపలు నా వరండాలో పెట్టారంటే కాళ్లు ఇరగ్గొడతా" అనేది. వాళ్లు పెట్టేవాళ్లు. ఆమె విరగ్గొట్టేది కాదు.

కట్టినవాళ్లకు సముద్రమంటే భయమూ ఉంది, తెలివీ ఉంది. మొదట కట్టిన ఇల్లు ఏదో తుఫానులో కొట్టుకుపోయిందట. రెండోసారి మనిషి ఛాతీ ఎత్తు రాతి అరుగు లేపి దాని మీద కట్టారు. మూరన్నర మందం గోడలు, చుట్టూ వరండా, నడిమి హాలుకు ఎదురెదురు తలుపులు, అటూ ఇటూ గదులు. పైన టేకు దూలాలు, వాటి మీద బంగళాపెంకులు. అందుకే రేడియోలో తుఫాను హెచ్చరిక రాగానే పక్కనున్న జాలర్ల పల్లెపాలెం మొత్తం పిల్లాజెల్లాతో అక్కడికే వచ్చేది. దొరల కాలం నుంచీ అదే ఆనవాయితీ. అక్కడ కులం అడిగినవాడు లేడు, మతం అడిగినవాడు లేడు.

అంత కట్టడానికీ ప్రాణం పెంకుల్లో ఉంది. గాలికి ఏటా కొన్ని జారతాయి. జారిన చోట నీళ్లు దిగితే దూలం పుచ్చిపోతుంది. అందుకని ప్రతి వేసవిలో, మిరపకోతలు ముగిసి కూలీలు దొరికే రోజుల్లో, పెద్దమ్మ పెంకుటిళ్ల పనివాడు యలమందను పిలిచి పెంకులు సర్దించేది, పిడుగురాళ్ల సున్నం తెప్పించి వెల్ల వేయించేది. అతను పైన ఉన్నంతసేపూ కింద నిలబడి తిట్టేది. "ఒరేయ్, ఆ మూలది వదిలేశావు! నా కళ్లేం పోలేదు!"

తొంభై తొమ్మిదిలో కమిటీ పెద్దలకు బంగళా అమ్ముదామని బుద్ధి పుట్టింది. రొయ్యపిల్లల హేచరీ పెడతానని ఒకాయన ముందుకొచ్చాడు. ఆయనకు కావలసింది సముద్రపు నీళ్లు. ఇల్లు కూల్చేస్తానని బాహాటంగానే చెప్పాడు. పెద్దమ్మకు అన్నం సయించలేదు. ఇంతలో ఒంగోలు కాలేజీ లెక్చరరుగారొకరు పేపరుకు రాస్తే, పాత కట్టడాలు చూసే ఆఫీసు కదిలి బంగళాను చట్టం కిందికి తీసుకుంది. అమ్మకం ఆగిపోయింది. గేటు పక్కన నీలం బోర్డు పాతారు: "రక్షిత కట్టడం."

మా సంఘంలో రక్షణ అంటే ఒకటే అర్థం. పాపి మారుమనస్సు పొంది, బాప్తిస్మం తీసుకుని దేవుడి బిడ్డ కావడం. ఆ ఆదివారం సాక్ష్యాలు చెప్పే వేళ పెద్దమ్మ లేచి, ముసుగు సర్దుకుని, "నా బంగళా రక్షణ పొందింది, దేవునికి స్తోత్రం" అంది. పిల్లలు కిసుక్కున నవ్వారు. పాస్టరుగారు నవ్వు ఆపుకుని "స్తోత్రం" అన్నారు. బయటికొచ్చాక ఆమె అందరికీ శనగగుగ్గిళ్లు పంచింది. నేను అప్పుడే కొత్తపట్నం బళ్లో టీచరునయ్యాను కదా, ఆ రక్షణ వేరు, ఈ రక్షణ వేరని చెప్పబోయాను. "ఎవరు రక్షిస్తే ఏందే? రక్షించినోళ్లు నాశనం చెయ్యరుగా" అంది.

మరుసటి వేసవిలో యలమంద నిచ్చెన వేశాడో లేదో, జీపు వచ్చి ఆగింది. దిగినాయన ఆ ఆఫీసులో అధికారి.

"ఎవరమ్మా వాణ్ణి పైకెక్కించింది? దిగమను!"

"జారిన పెంకులు సర్దుతున్నాడండి. ఏటా సర్దేయే" అంది పెద్దమ్మ.

"ఇది రక్షిత కట్టడం. ఒక్క పెంకు కదిపినా నేరం."

"కదిపింది గాలండి, మేం కాదు. దాని చోట దాన్ని పెడుతున్నాం."

"అదంతా మా వాళ్లు చేస్తారు. ఎస్టిమేటు వెయ్యాలి, పైనుంచి శాంక్షన్ రావాలి."

"వానలు పడేలోపు వస్తదాండి?"

ఆయన గోడల వైపు తిరిగాడు. వెల్ల కూడా వెయ్యొద్దన్నాడు. పెద్దమ్మ మొలలో ఉన్న తాళంచెవులు తీసుకుని, హాలు తలుపులకు కొత్త తాళాలు వేయించి పోయాడు. పుట్టినప్పటి నుంచీ ఆ ఇంట్లో తిరిగిన మనిషి ఆ రోజు నుంచి కిటికీ సందులో కన్ను పెట్టి చూసుకోవలసి వచ్చింది.

ఒక వానాకాలం పోయింది. ఇంకొకటి పోయింది. హాల్లో నీళ్లు ధారగా పడుతుంటే ఆమె బయట వరండాలో కూర్చుని ఆ చప్పుడు వినేది. ఒకసారి నన్ను వెంటబెట్టుకుని బస్సులో గుంటూరు వెళ్లింది, ఆఫీసులో అడుగుదామని. గుమాస్తా తలెత్తకుండానే, "ఫైలు ఇంకా కదల్లేదమ్మా" అన్నాడు.

"పెంకు కదిలితే నేరం. ఫైలు కదలకపోతే నేరం కాదా నాయనా?"

పక్క బల్లల వాళ్లు పకపకా నవ్వారు. నవ్వుకోవడానికేం, వాళ్ల నెత్తిన కారడం లేదు కదా!

చట్టం చెడ్డదని నేననను. అది లేకపోతే బంగళా ఆ ఏడే నేలమట్టమయ్యేది. కానీ ముట్టుకోవద్దన్నవాడు తనైనా ముట్టుకోవాలి కదా! పత్తిచేనుకు కంచె వేసి, లోపల పురుగు తింటుంటే గట్టు మీద కూర్చునేవాణ్ణి మా వైపు రైతు అనరు. ఇక్కడ మాత్రం ఆఫీసరుగారు అంటారు, కుర్చీ వేస్తారు, కొబ్బరిబోండాం కొట్టిస్తారు.

మూడో వానాకాలం కూడా అలాగే పోయాక, డిసెంబరులో తుఫాను పట్టింది. మధ్యాహ్నానికే పల్లెపాలెం అంతా అరుగెక్కి వరండాలో నిలబడింది. జల్లు అడ్డంగా కొడుతోంది, పసిపిల్లలు వణికిపోతున్నారు. నేను బడి మూసేసి పెద్దమ్మ కోసం అక్కడికే వెళ్లాను. ఆమె వంటగదిలోంచి గునపం పట్టుకొచ్చింది.

"కేసవుద్దేమో రెబ్కమ్మా" అన్నాడు ఆదెయ్య. అతను పల్లెపాలేనికి పెద్దమనిషి.

"అయితే నా మీదవుద్ది. నువ్వు పిల్లల్ని లోపలికి తోలు" అని తాళం పగలగొట్టింది.

లోపల బూజు కంపు. గోడలు పచ్చగా పాచిపట్టి ఉన్నాయి. హాలు మీది దూలం నల్లబడి వంగి ఉంది. పెద్దమ్మ తలెత్తి దాన్ని చూసింది. తర్వాత హాల్లో ఎవర్నీ ఆగనివ్వకుండా, కసురుతూ, జబ్బలు పట్టి లాగుతూ, అందర్నీ పక్క గదుల్లోకి నెట్టింది. చీకటి పడేముందు దూలం విరిగింది. హాలు కప్పు మొత్తం కూలి, పెంకులు గుట్ట పడ్డాయి. గదుల్లో ఒక్కరికి గీత కూడా పడలేదు. గాలి తగ్గాక పెద్దమ్మ ఆ గుట్ట దగ్గర కూలబడి గుండెలు బాదుకుని ఏడ్చింది. మొగుడు పోయినప్పుడు కూడా అంత ఏడవలేదంది మా అమ్మ.

దూలం పుచ్చుతున్నప్పుడు రాని జీపు అది విరిగాక రెక్కలు కట్టుకుని వాలింది. ఆఫీసరు కూలిన కప్పు చూశాడు, విరిగిన తాళం చూశాడు. ఆయన కంటికి తాళమే ఆనింది. స్థానికులు అక్రమంగా చొరబడి గుంపు కట్టడం వల్లే పైకప్పు కూలిందని రాసుకున్నాడు, పెద్దమ్మ మీద పోలీసు రిపోర్టు ఇచ్చాడు. గుంపు కప్పెక్కి గంతులేసిందా? అడిగే నాథుడు లేడు. పల్లెపాలెం వాళ్లతో మాత్రం, లోపలికెళ్లామని ఒప్పుకుంటే వాళ్ల మీదా కేసులుంటాయని చెప్పి పోయాడు.

అంతే, ఆదెయ్యతో సహా అందరూ పోలీసులు రాసుకున్న కాగితం మీద సంతకాలూ వేలిముద్రలూ పెట్టేశారు. తాము లోపలికి పోనేలేదట. రెబ్కా తాళం పగలగొడుతుంటే దూరం నుంచి చూశారట. నేను ఎస్సైగారి దగ్గరికెళ్లి, "నేను లోపలే ఉన్నానండి, వీళ్లందరూ ఉన్నారు" అని మొత్తుకున్నాను. "మీరు బంధువులు కదా టీచరుగారూ, మీ మాట చెల్లదు" అన్నారాయన మర్యాదగా.

కోర్టులో పెద్దమ్మ తాళం పగలగొట్టానని ఒప్పుకుంది, జరిమానా వేశారు. కమిటీ ఉద్యోగం తీసేసింది. ఆమె ట్రంకు పెట్టె తెచ్చుకుని మా ఇంటికొచ్చేసింది. బంగళాకు కప్పు వెయ్యలేదు.

కొన్నాళ్లకు ఆదెయ్య పెళ్లాం గంపలో సముద్రపు చేపలు పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. "ఏ మొహం పెట్టుకొచ్చావు?" అని లేచాను. ఆమె గంప దించి, తలొంచుకుని వెళ్లిపోయింది. పెద్దమ్మ ఏమీ ఎరగనట్టు కత్తిపీట ముందేసుకుని, బూడిద అద్ది చేపలు తోమడం మొదలెట్టింది. నాకు పిచ్చెక్కింది.

"సిగ్గులేదా పెద్దమ్మా? నువ్వు కాపాడినవాళ్లే కదా నిన్ను చూపించి సంతకాలు పెట్టింది!"

"అబద్ధం ఆడాలన్నా మనిషి బతికుండాల గదే" అంది, చేప తిప్పుతూ. "ఆళ్లు బతికే ఉన్నారు."

ఆ సాయంత్రం పులుసు పెట్టి నన్ను పిలిచింది. నేను తినలేదు.