గీకని తీగ

కోదాడ నుంచి మిర్యాలగూడ వెళ్లే బస్సులో, నేను సొంత సెట్టుతో దూరపువాళ్లతో మాట్లాడే హామ్ రేడియో మనిషినని మాటల్లో తెలియగానే, పక్క సీటు పెద్దాయన ఒళ్లోని స్టీలు డబ్బా మూత తీశాడు. లోపల ఇంట్లో అతికిన చిన్న రేడియో సెట్టు ఉంది.

"మా బిడ్డ చేసింది సారూ. అవతలోళ్ల మాట ఇనపడతది గాని, మన మాట పోదు. సరిచేసేలోపే జరమొచ్చి మాకు లేకుండ పోయింది."

వెలుగులో పట్టి చూశాను. రాగితీగ మీది వార్నిషు గీకకుండానే ఆ అమ్మాయి టంకం పెట్టింది; ఆ పూత కరెంటును దాటనివ్వదు. కొత్తలో అందరం చేసే తప్పే.

"తీగ గీకి మళ్లీ అతికితే పనిచేస్తుంది," అన్నాను.

ఆయన ఆ టంకం చుక్కను వేలితో తడిమాడు.

"మరి గీ అతుకు?"

"కరిగించాలండీ."

"అయితే ఉండనీ సారూ. గా అతుకు దాని చేతిది."

మూత పెట్టి, హుజూర్‌నగర్‌లో దిగేదాకా డబ్బాను రెండు చేతులా పట్టుకునే కూర్చున్నాడు.

ఇప్పుడు బాగుచేయమని ఎవరు పాత సెట్టు తెచ్చినా, అది ఎవరు అతికారో ముందు అడుగుతున్నాను.