కమాను ఎత్తే ముందు

ఆయన ఊపిరంటే నాకు మహా చిరాకు. శ్రీనగర్ కాలనీ స్టూడియోలో వయొలిన్ వాయించే ఆ పెద్దాయన, కమాను ఎత్తే ముందు గట్టిగా గాలి పీల్చేవారు. రికార్డిస్టుని కదా, ప్రతి టేకులోనూ ఆ చప్పుడు కత్తిరించేవాణ్ణి.

మేం సంగీతం రికార్డు చేస్తున్న ఒక అంతరిక్ష సాహస సినిమాలో హీరో వ్యోమనౌకలో ఒంటరిగా మిగిలిపోతాడు. సింథసైజర్ ఎంత మోగించినా అక్కడ మనిషి ఉన్నట్టే అనిపించలేదు. చివరికి పెద్దాయన వయొలిన్ కలిపాను. ఈసారి ఊపిరి కత్తిరించలేదు.

అమీర్‌పేట థియేటర్లో ఆ సీను రాగానే పక్క సీట్లో ఉన్న పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నారు.

"నా ఊపిరి ఇనబడుతుంది సార్. గింత పెద్ద సినిమా ఖరాబ్ చేసిన. జర మాఫ్ చేయుండ్రి."

కావాలనే ఉంచానని ఆయన చెవిలో చెప్పి, ఆ చెయ్యి వదలకుండా సీను చివరిదాకా చూశాను.