హార్మోనియం ఫిల్ములో లేని మామ్మ

పెళ్ళిళ్ళకూ పుట్టినరోజులకూ వీడియోలు తీసి బతికేవాణ్ణి. మార్టూరు దగ్గర ఒక పల్లె చర్చివాళ్ళు పిలిచి, చర్చి పండగలో చూపించడానికి వాళ్ళ పాత హార్మోనియం చరిత్రను ఫిల్ము తీయమంటే గాల్లో తేలిపోయాను. భోజనాల బంతులు కాక వేరేదైనా తీయడం అదే మొదటిసారి.

కాళ్ళతో తొక్కితే తిత్తి గాలి పీల్చుకుని పలికే పెద్ద పెట్టె అది. ఎవరో దొరసాని ఓడ మీద తెప్పించిందట. ఆవిడ కాలం అయిపోయాక దాన్ని నలభై ఏళ్ళపాటు ప్రతి ఆదివారం వాయించింది ఒక కూలి మనిషి. వారమంతా మిరపకాయల తొడిమలు తీసి, ఆదివారం తలారా స్నానం చేసి వచ్చి వాయించేదట. ఊరంతా ఆమెను మామ్మ అంటారు. పాస్టర్ల పేర్లన్నీ నల్లరాయి మీద చెక్కించి గోడకు పెట్టారు గానీ, ఈమె పేరు ఎక్కడా లేదు.

కెమెరా చూసి మామ్మ ఒక్కటే అడిగింది.

"బాబూ, నేను వాయించానని ఇందులో ఉంటదా? నా మనవరాళ్ళు నమ్మటంలా."

"ఎందుకుండదు మామ్మా," అన్నాను.

పలకని మెట్లు తప్పించుకుంటూ ఒక కీర్తన మొత్తం వాయించింది. ఆఖరికి తిత్తిలోంచి ఎర్రటి దుమ్ము లేచింది. నా కళ్ళు మండిపోయాయి. మామ్మకు దగ్గు ఆగలేదు. తేరుకుని కెమెరాలోకి చూస్తూ చెప్పేసింది.

"కమిటీవాళ్ళు ఈ గది మిరపకాయల యాపారికి అద్దెకిచ్చారు. మూడేళ్ళు ఆ టిక్కీ బస్తాలు దీని మీదే పేర్చారు. వద్దయ్యా అని కాళ్ళావేళ్ళా పడ్డా. సగం మెట్లు చచ్చిపోయినయ్."

తీసింది వేసి చూపిస్తే, చర్చి కమిటీ పెద్దాయన నవ్వుతూనే అన్నాడు. "పండగపూట ఈ మాటలెందుకండీ? ఆ ముక్క లేపెయ్యండి."

ఆ ముక్క ఒక్కటే తీయొచ్చు. ఒక పూట పని. నాకు బద్ధకం, దాని వెనక భయం. ఆ చుట్టుపక్కల పెళ్ళి బేరాలన్నీ ఆయన మాట మీదే వస్తాయి. మామ్మను మొత్తానికే తీసేశాను. కీర్తన మాత్రం వదల్లేక, పెళ్ళి వీడియోల్లో పాట వేసినట్టు పెద్దల ప్రసంగాల వెనక వేశాను. భలే కుదిరిందని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా, సిగ్గు లేకుండా.

పండగనాడు చర్చి ఆవరణలో తెర కట్టారు. మామ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, మనవరాళ్ళను చెరోపక్క కూర్చోబెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. తెర మీదికి దొరసాని వచ్చింది, పాస్టర్లు వచ్చారు, కమిటీ పెద్దాయన చాలాసేపు వచ్చాడు. అంతే, అయిపోయింది. జనం చప్పట్లు కొట్టారు.

వైర్లు చుట్టుకుంటున్నాను. మామ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"పెద్దాయన మాట్లాడేటప్పుడు వినపడ్డది నేను వాయించిందేగా బాబూ? ఆ ఒక్క మాట వీళ్ళకు నువ్వు చెప్పు."

పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు.

"అది కంప్యూటర్‌లో దొరికే మ్యూజిక్ మామ్మా," అన్నాను.